గుడ్డ చుట్టిన కర్ర

మొదటి రోజు సాయంత్రం సికర్‌పాయి పాస్టరు గారి ఇంట్లో ఉన్నది మార్తమ్మ టీచరు, తొమ్మిది మంది బోర్డింగు ఆడపిల్లలు, పాస్టరు గారి పిల్లి.

పక్కన కర్ర పెట్టుకుని అరుగు మీద కూర్చున్న రాజులమ్మను ఎవరూ లెక్కపెట్టలేదు. ఆమె వంటగిన్నెల గంప మొయ్యడానికి వచ్చిన మనిషి.

బోర్డింగు పెట్టిన పందెం ఇది: రాయగడ నుంచి కోరాపుట్‌కు కాలినడక. అయిదు రోజులు. అయిదో రోజు పొద్దు గూకేలోపు తొమ్మిది మందీ కలిసి చేరితే అందరికీ తలా ఒక ఇత్తడి బిళ్ల. ఒక్కరు తగ్గినా ఎవరికీ లేదు.

ఆ ఒక్కరు ఎవరో పిల్లలందరికీ ముందే తెలుసు.

"ఈ దయావతి వల్లే పోద్ది, చూడండర్రా," అంది అందరికంటే పెద్దదైన ఎస్తేరు.

దయావతి విననట్టే తల వంచుకుని చెప్పు విప్పింది. మడమ మీద బొబ్బ చిట్లిపోయింది. బిళ్ల మీద ఆమెకు అంత ఆశ లేదు. దాన్ని పెట్టుకుని ఆ ఎనిమిది మంది మధ్య ఒక్కసారి నిలబడాలని ఉంది.

"మామ్మా, నీ కర్రకి జలుబు చేసిందా ఏటి, తలకి గుడ్డ చుట్టావు?" ఎస్తేరు అరుగు వైపు అరిచింది.

"దానికి నోరెక్కువమ్మా. అందికే కట్టీసినాను," అంది రాజులమ్మ.

అందరూ పకపకా నవ్వారు.

మర్నాటి నుంచి వరసలో చివరి ఇద్దరూ వాళ్లే.

ఇంక కాలు లేవదు అని దయావతి అనుకునే సమయానికి సరిగ్గా రాజులమ్మ గంప దించేది.

"అమ్మీ, నానింక నడవనేను. కూకుందామే."

"మళ్లీ కూలబడ్డావా మామ్మా!" ముందు నుంచి ఎస్తేరు కేక.

"ఏటి సేత్తానమ్మా, పాడు మోకాళ్లు!"

తిట్లన్నీ రాజులమ్మకే. దయావతికి హాయిగా ఉండేది. తన కాలి వైపు ఎవరూ చూడటం లేదు.

"ఈ నడక బాగా జరిగితే బోర్డింగులో ఆయా పని ఇత్తానన్నాది మీ టీచరమ్మ," అంది రాజులమ్మ ఒకసారి, రాయి మీద కూర్చుని. "పిల్లల మద్దెన ఉండాలనుంటాది నాకు. నీకో?"

దయావతికి తనకూ అదే కావాలని చెప్పడానికి సిగ్గేసింది.

మూడో రోజు సాయంత్రం లక్ష్మీపురం బడి చేరేసరికి, ఆ రాత్రికి బస అనుకున్న చోటికి ఇంకా ఆరు మైళ్లు ఉంది.

మార్తమ్మ టీచరు పిల్లల్ని వరసలో నిలబెట్టింది.

"ఆలస్యం ఎవరి వల్ల? దయా, వెనక ఉన్నది మీరిద్దరే. నువ్వు చెప్పు. నీ వల్లా, ఈమె వల్లా?"

ఎనిమిది మందీ దయావతి వైపు తిరిగారు.

"మామ్మ వల్లే," అంది దయావతి.

రాజులమ్మ ఆమె మొహంలోకి ఒక్కసారి చూసింది.

"అవునమ్మా, నా వల్లే. పిల్లేటి సేసింది?"

"అయితే రేపు పొద్దున్నే వెనక్కి వెళ్లిపో రాజులమ్మా. నడవలేని మనిషి మాకెందుకు?"

గిన్నెలు పిల్లలు పంచుకున్నారు.

తెల్లారి దయావతి లేచేసరికి మడమకు ఆకుపసరు వేసి గుడ్డ కట్టి ఉంది. రాజులమ్మ కర్రకు చుట్టిన గుడ్డ. బయట ఎవరూ లేరు.

దిగువ మలుపులో ఘల్లుఘల్లుమని చప్పుడు. జోరుగా, అంతకంతకూ దూరమవుతూ.

"ఎవరివో ఎద్దులు," అంది ఎస్తేరు.

ఎద్దులు అంత జోరుగా పరిగెడతాయా? అనుకుంది దయావతి.

మిగిలిన రెండు రోజులూ ఆమె వెనక ఎవరూ లేరు. కూర్చుందామే అన్నవాళ్లూ లేరు. పసరుకి మంట తగ్గింది. కుంటుకుంటూనే నడిచింది.

కొండ కొమ్మున ఇంకా ఎండ ఉండగానే తొమ్మిది మందీ కోరాపుట్‌లో అడుగుపెట్టారు.

బిళ్లలు పెట్టారు. పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకుని నిలబడ్డారు. దయావతి వరస చివర నిలబడింది. పక్కపిల్ల చెయ్యి ఇటు రాలేదు.

బోర్డింగుకు కొత్త ఆయా వచ్చింది. రాజులమ్మ కాదు.

నెల రోజులు ధైర్యం చాల్లేదు. తర్వాత ఒక ఆదివారం, ఉతికి మడిచిన గుడ్డలో తన బిళ్ల పెట్టుకుని, రాయగడలో రాజులమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది దయావతి.

కోడలు గౌరీశ్వరి తలుపు తీసింది.

"మామ్మ ఉందా అక్కా?"

"నేదు. సాలూరు అవతల సెల్లెలికాడికి ఎలిపోనాది. ఇంక రాదు. బోర్డింగులో పనిత్తారని ఎంత ఆశ పడిందో! నడవనేదని పంపించీసినారంట కదా?"

ఎవరి ముందూ గొంతెత్తని దయావతి, ఆ మాట మాత్రం పైకే అనేసింది.

"నడవలేకపోయింది నేనక్కా. మామ్మ పేరు చెప్పేశాను."

గౌరీశ్వరి గుడ్డ తీసుకుంది. బిళ్లని తిరిగి దయావతి చేతిలోనే పెట్టింది.

"ఉత్తరాల టపా మోసీ మా మావకి కాలిరిగినాక, బస్సులొచ్చినంత వరకూ, గజ్జెల కర్ర పట్టుకుని టపా మూటతో పన్నెండేళ్లు ఈ కొండల్లో పరిగెట్టింది మా అత్త. ఒక్క పూట ఆలీసం కానేదు. ఇప్పుడా కర్రనీ ఇక్కడే ఒగ్గీసి ఎలిపోనాది."

తలుపు మూసేసింది.

దాని వెనక ఆనించిన కర్ర అదిరి, ఆ పొద్దున లక్ష్మీపురం దిగువ మలుపులో విన్న గజ్జెలే ఘల్లుమన్నాయి.