కోచ్ గారి ఒకే ఒక్క గోల్

"ఒక్క తన్ను సార్! ఒకే ఒక్కటి!"

వీడ్కోలు సభ కాస్తా మైదానంలోకి వచ్చిపడింది. ముప్పై రెండేళ్ల శిష్యగణం బట్టతలలతో, బొజ్జలతో గోల్ ముందు మూగి కేకలు పెడుతోంది. కోచ్ గారి గుండెల్లో రాయి పడింది.

ఆ హైస్కూలుకి పదకొండు కప్పులు తెచ్చిన మనిషాయన. కానీ ఆయన బంతిని తన్నగా చూసినవాడు ఒక్కడూ లేడు. పొద్దున్నే తాడు పట్టి, సున్నంతో మైదానానికి గీతలు మాత్రం తానే వేసేవారు. "బంతిని కాదురా, గీతను చూడు" అనేవారు. ఆ మాట పట్టుకుని ఇద్దరు దేశ జట్టు దాకా వెళ్లారు.

ఆయన ఎందుకు తన్నరో పిల్లలే తేల్చేశారు. వెనకటికి ఆయన కొడితే గోల్‌కీపర్ చెయ్యి విరిగిందట. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నారట. మొదట్లో ఒక చెయ్యే. ఏళ్లు గడిచేకొద్దీ రెండో చెయ్యీ, గోల్ స్తంభమూ కూడా విరిగాయి. ఆయన అవుననలేదు, కాదనలేదు.

ఇప్పుడు ఆ పరువంతా పెనాల్టీ చుక్క మీద కూర్చుంది.

"మోకాలు నొప్పని చెప్పేయండి," భార్య చెవిలో ఊదింది.

"ఇందాకే స్టేజీ మీద గెంతాను కదే!"

గోల్‌లో నిలబడ్డది 'గోడ'. ఒకప్పుడు బంతిని చీమంత సందులోనూ పోనిచ్చేవాడు కాదు. ఇప్పుడు పళ్ల డాక్టరు.

"సార్, కాస్త మెల్లగా! రేపు నాలుగు పళ్లు పీకాలి, చేతులు కావాలి," అన్నాడు బిక్కమొహం వేసుకుని.

కోచ్ గారు కళ్లు మూసుకున్నారు. పరుగెత్తారు. తన్నారు.

బూటు ఊడి గాల్లోకి లేచింది. బంతి మాత్రం ఏ తొందరా లేకుండా దొర్లుకుంటూ బయల్దేరింది.

మీదికి దూసుకొస్తున్న బూటే బంతనుకున్నాడు గోడ. "అమ్మో!" అని చేతులు రెండూ పొట్టలో దాచుకుని నేల కరిచాడు. బూటు అతని మీదుగా పోయింది. బంతి ఆయాసపడుతూ గీత దాటి ఆగింది.

మైదానం దద్దరిల్లింది.

"బూటు చూపించి బంతి వేశారురా! బుర్రంటే అదీ!"

ఒంటి బూటుతోనే ఆయన్ని భుజాలకెత్తుకున్నారు. పైనుంచి కోచ్ గారు ఆనందం పట్టలేక, ఊపిరి అందినంతసేపూ మెళ్లోని ఈల ఊదారు.

కిందికి దిగేసరికి భార్య పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "ఇప్పటికైనా చెప్పేయకూడదుటండీ?"

"ఇప్పుడా? ఆ మొదటి రోజే ఆ హెడ్మాస్టరు నన్ను నోరు తెరవనిస్తేగా!"

ముప్పై రెండేళ్ల కిందట, కొత్త కోచ్ కోసం గేటు దగ్గరే కాచుకున్న హెడ్మాస్టరు "ఇంత ఆలస్యమా?" అని కసిరి ఈల మెళ్లో వేసేస్తే, మొహమాటం కొద్దీ కాదనలేకపోయిన ఆయన నిజానికి ఆ రోజు వచ్చింది, మైదానానికి సున్నపు గీతలు వేసి పోదామని.