పిలిచి తెచ్చుకున్న ముంగిస

రెండు కోళ్ల దొడ్లూ చూశారుగా, ఏం చూశారో చెప్పండి! పై దొడ్డిలోకి అడవిపిల్లి గోడ దూకి వచ్చింది. కింది దొడ్డిలోకి ముంగిసను పాము భయంతో కోళ్లే పిలిచాయి. వచ్చాక రెండూ చేసిన మొదటి పని ఒకటే, పుంజును కూయనివ్వలేదు. ఆ తర్వాత గుడ్ల మీద పడ్డాయి.

పై దొడ్డి కోళ్లు కలిసి పొడిచి పిల్లిని తరిమేశాయి. కింది దొడ్డిలో మాత్రం చుక్కలపెట్ట పొదుగుతున్న గుడ్ల దాకా వచ్చింది ముంగిస.

"పాము ఏనాడో చచ్చింది కదా మామా, ఇంకా మా గుడ్లెందుకు నీకు?" అంది చుక్కలపెట్ట.

"నేను పోతే ఇంకో పాము వస్తుందే, పిచ్చిదానా!"

"ఊరుకోవే, మనం పిలిచినవాడేగా," అన్నాయి మిగతా పెట్టలు.

"పిలిచిన నోటితోనే పొమ్మంటాను!" అంటూ చుక్కలపెట్ట ముంగిస కంటిమీద పొడిచింది. ముంగిస నాలుగడుగులు వెనక్కి తగ్గింది.

ఒక్క ముక్కుకే జంకింది అది. మరి ఇదంతా చూసిన మీరంతా ఇంకా ఎందుకు కూర్చున్నారు?