పట్టు జారిన తాడు

గ్లాసు చేతిలోంచి జారి, దొర్లుకుంటూ ఎటో పోయింది.

ఆసుపత్రి మంచం మీద కళ్ళకు కట్టుతో ఉన్న డ్రిల్లర్ గాల్లో చెయ్యి తడుముకుంటూ, "సిస్టర్!" అని అరిచాడు.

ఎవరూ పలకలేదు.

"ఇదిగో, ఇటు. పట్టుకో," అంది పక్క మంచం మీంచి ఓ బొంగురు గొంతు.

చేతికి నీళ్ళ సీసా తగిలింది. గటగటా తాగేశాడు.

"చల్లగా బతుకన్నా. గొంతు పిడచకట్టుకుపోయింది."

"ఏమైంది నీకు?"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు డ్రిల్లర్ అందుకున్నాడు.

"చమురు బావి రిగ్గు మీద పని. బ్రేకు నా చేతిలో ఉంటుంది. నీకు తెలీదులే కానీ, ఏనుగులంత బరువు ఒక్క ఇనప తాడు మీద వేలాడుతుంటుంది. ఆ తాడు కొస కదలకుండా కింద యాంకర్ పట్టుకుని ఉండాలి. అది పట్టు వదిలిందా, ఇక అంతే సంగతులు."

"వదిలిందా?"

"వదలదా మరి! కొత్త యాంకర్ బిగించడానికి ఎవడో మెకానిక్‌ని పంపారు. వాడి మొహం కూడా చూళ్ళేదు. కింద కూర్చుని ఏం బిగించాడో ఏమో, బరువెత్తగానే తాడు జారింది. పైనున్న కప్పీల బ్లాకు దభీమని పడింది. ఇనప పెచ్చులు కళ్ళలో కొట్టాయి. వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగబట్టి ఇలా బతికున్నాను. నా పక్కన పనిచేసే మా పొట్టోడే అయ్యుంటాడు. వాడి రుణం తీర్చుకోలేను."

"మరి ఆ మెకానిక్?"

"పారిపోయుంటాడు. వాడి చేతులు పడిపోను!"

పక్క మంచం కిర్రుమంది.

కాసేపటికి డ్రిల్లర్ కోపం చల్లారింది.

"నీదేం పనన్నా?"

"ఊళ్ళు తిరిగే పని."

"సరుకు అమ్ముతావా?"

"అలాంటిదే అనుకో."

"అయితే నువ్వు తిరుగుళ్ళన్నవన్నమాట!"

ఆ మనిషి నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపు ఆగలేదు.

అప్పటినుంచి డ్రిల్లర్‌కి తెల్లారితే తిరుగుళ్ళన్నే. రొట్టె తుంచి చేతిలో పెట్టేది అతనే. కిటికీ బయట ఏముందో చెప్పేది అతనే.

"కళ్ళు రాకపోతే ఎలా అన్నా?" అనడిగితే, "రాకపోతే అప్పుడేడుద్దాం. ఇప్పట్నించే ఎందుకు?" అనేవాడు.

ఒకరోజు డ్రిల్లర్ భార్య వచ్చింది. కూర్చున్న కాసేపటికి మొగుడి చెవిలో గుసగుసలాడింది.

"ఏవండీ, ఆయన్ని నీళ్ళడక్కండి. నడుం కిందంతా కట్లే. సీసా అందించడానికి మంచం కమ్మీ పట్టుకుని, పళ్ళు బిగబట్టి ఇటు ఒరుగుతున్నాడు."

డ్రిల్లర్‌కి తల కొట్టేసినట్టయింది.

"చెప్పొద్దా అన్నా?"

"చెబితే నీ దాహం తీరుతుందా?"

"నీ వాళ్ళెవరూ రాలేదేం?"

"అమ్మాయి ఒక్కతే. ఇలా చూస్తే జడుసుకుంటుందని నేనే రావద్దన్నాను."

మర్నాడు విచారణ ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. డ్రిల్లర్ పక్క మంచం వైపు ఒరిగాడు.

"నీకొక్కడికే చెబుతున్నానన్నా. ఆ మెకానిక్ కింది నుంచి ఆపమని చెయ్యి ఊపాడు. బరువు పడ్డాక తాడు సర్దుకుంటుంది, ఆపి మళ్ళీ బిగించాలి. అది నాకూ తెలుసు. ఇంకొక్కసారి ఎత్తి ఆపుదాంలే అనుకున్నాను."

పక్క మంచం మళ్ళీ కిర్రుమంది.

"తప్పు నాదంటే రోడ్డున పడేస్తారు. కళ్ళు లేనివాడికి ఎవడు పనిస్తాడు? పిల్లలు చిన్నవాళ్ళు."

"పడుకో తమ్ముడూ," అంది బొంగురు గొంతు.

ఆఫీసరు వచ్చాడు.

"ఆపమని మెకానిక్ చెప్పాడా?"

"లేదు," అన్నాడు డ్రిల్లర్. "వాడు సరిగ్గా బిగించలేదు. రాసుకోండి."

కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాక బూట్ల చప్పుడు పక్క మంచం దగ్గర ఆగింది.

"మీరూ విన్నారుగా. ఏమైనా చెప్పేదుందా?"

డ్రిల్లర్ చెవులు రిక్కించాడు. తను నోరు జారి చెప్పిందంతా తెలిసింది ఒక్క అన్నకే.

"ఏం లేదండీ," అన్నాడు అన్న.

బూట్ల చప్పుడు వెళ్ళిపోయాక డ్రిల్లర్ అటు చెయ్యి చాచాడు. ఆ చెయ్యి దొరికింది. మంటలా కాలిపోతోంది.

తెల్లారాక ఎంత పిలిచినా అన్న పలకలేదు.

ఆ మధ్యాహ్నం డ్రిల్లర్ కట్టు విప్పారు. వెలుతురు ముల్లులా గుచ్చుకుంది. మెల్లగా గోడ కనిపించింది, కిటికీ కనిపించింది, పక్కన దుప్పటి తీసేసిన మంచం కనిపించింది. దాని దగ్గర ఒకమ్మాయి చొక్కాలు మడిచి సంచిలో పెట్టుకుంటోంది.

"తమ్ముడంటే మీరేనా?" అంది ముక్కు తుడుచుకుంటూ. "ఫోన్లో నాన్న రోజూ మీ సంగతే చెప్పేవారు. కళ్ళు వచ్చాయా?"

అతను తలూపాడు. ఆ అమ్మాయి సంచి గుండెకు హత్తుకుని వెళ్ళిపోయింది.

గుమ్మంలో రిగ్గు మేనేజరు పక్కకు తప్పుకుని దారిచ్చి, లోపలికి వచ్చాడు.

"గండం గడిచిందయ్యా. తప్పు మెకానిక్‌దేనని తేల్చేశారు. నువ్వు చెప్పింది అతనూ కాదనలేదట. నీ ఉద్యోగానికి ఢోకా లేదు."

డ్రిల్లర్‌కి సంతోషం కలగలేదు. ఖాళీ మంచం మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు.

"పొట్టోడు ఎలా ఉన్నాడు సార్? నన్ను లాగినందుకు వాడికి దణ్ణమైనా పెట్టలేదు."

"పొట్టోడా? వాడు ఆ రోజు సెలవులో ఉన్నాడుగా," అన్నాడు మేనేజరు. "తాడు జారడం చూసి కింది నుంచి పరిగెత్తుకొచ్చి నిన్ను లాగింది ఆ మెకానిక్కే, బ్లాకు తగిలి కాళ్ళు నుజ్జయితే నీతోపాటే తెచ్చి ఈ పక్క మంచం మీదే పడుకోబెట్టాం, ఇన్నాళ్ళూ ఆయన నీకు చెప్పలేదా?"