ఇంజను టకటక

"ఎవరో సాదా పెట్రోలు పోయిస్తుండారు, మొదలాళీ," అన్నాడు మెకానిక్ గోవిందన్ యజమానితో, టకటకమంటున్న రేసు కారు ఇంజను ఆపి. "దీనికి ఒసత్తి పెట్రోలే, మేలు రకందే పోయాల."

"నేనే బంకులో చెప్పి పోయిస్తి," వసారాలోంచి చెల్లమ్మాళ్ ఒప్పుకుంది.

మిల్లు యజమాని కృష్ణరాజ్ భార్య వైపు గుర్రుగా చూశాడు. "ఎల్లుండి మదరాసులో పోటీ. నేను ఓడాల్నా?"

"ఆ టకటక సింగానల్లూరు మలుపులోనే వినబడతాది. వినంగానే మీకు దోసె పోస్తా. ఒసత్తిది పోసిన దినం సద్దే లేదు. దోవలో ఏమాయనో అని పెనం దించి వాకిట్లో నిలబడుకోనుంటి."

కృష్ణరాజ్ కాసేపు మీసం సవరించుకున్నాడు.

"గోవిందా, పోటీకి ఒసత్తిదే పొయ్యి. ఇంటికి తిరిగొచ్చేదానికి మాత్రం సాదాది ఒక డబ్బా వేరేగా పెట్టు."