బంపరు మీద సొట్ట

సుమలత కారు వెనక నేల మీద కూర్చుని, బంపరు కిందికి చెయ్యి పోనిచ్చి తోస్తూ ఉంది. సొట్ట కదలలేదు.

మదనపల్లె చుట్టుపక్కల పెళ్లికొడుకులను ఎక్కించుకుని తిరిగే తెల్ల కారు అది. పొద్దున్నే పాత లుంగీ గుడ్డతో దాన్ని తుడవందే ఆమె భర్త ప్రదీప్ కాఫీ తాగేవాడు కాదు.

మొన్న ఆదివారం అతను స్నానం చేస్తుండగా, తనకూ డ్రైవింగ్ వచ్చేసిందనుకుని ఆమె కారు వెనక్కి తీసింది. గేటు పక్కనున్న రాతి కూసానికి కొట్టుకుంది. అతను తడి తువ్వాలుతోనే పరిగెత్తుకొచ్చాడు.

"వెనకాల పాప ఉండుంటే?" అన్నాడు. అంతే. మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

కుప్పంలో పెళ్లికి ఆ కారు మాట్లాడి ఉంది. "సొట్ట కారు పెండ్లివాళ్ల ముందర ఎట్ల నిలబెట్టేది? నేనే పోయి వేరే కారు కుదిర్చొస్తా" అని నిన్న పొద్దున గోడకు చెప్పినట్టు చెప్పి, బైకెక్కి కుప్పం పోయాడు. ఆమె కూడా పంతానికి గుమ్మం దాకా రాలేదు.

పక్కింటి తులసమ్మ వచ్చి చూసింది.

"యాలమ్మా ఇప్పుడిది? లేసి ఇంత కాఫీ తాగు."

"ఇది ప్లాస్టిక్కే కదక్కా. వేణ్ణీళ్లు పోస్తే మెత్తబడతాదంట. లోపల్నించి తోస్తే బయటికొస్తాదంట."

నీళ్లు కాచడానికి సుమలత లేచింది. తులసమ్మ చెయ్యి పట్టుకుంది.

"నువ్వు పొయ్యి ముట్టించొద్దు తల్లీ. రాత్రి నించి ఏమీ తినింది లేదు. మా ఇంట్లో కాంచుకొస్తా. పాప కూడా ఆడనే ఆడుకుంటా ఉండాది."

మొదటి బిందెకు సగం సొట్ట లేచింది. సుమలత అరచెయ్యి ఎర్రగా కమిలింది.

ఇంట్లో ఫోను మోగింది. మరిది మునిరాజ.

"పలమనేరు దాటినాము వదినా."

ఆమె పరుగున వచ్చింది. "అక్కా, ఇంకో బిందె!"

"ఇంగ సాల్లేమ్మా. ఎవురు సూస్తార్లే."

"ఆయప్ప సూస్తాడు. ఇంటికి రాంగానే ముందు కారు కాడికే పోతాడు, మా మొగాలు తర్వాతే. నీకు తెలీదా?"

తులసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నీళ్లకు వెళ్లింది.

రెండో బిందె పోశారు. సుమలత పళ్లు బిగించి తోసింది. టక్కుమంది. సొట్ట లేదు. మళ్లీ లోపలికి పోకుండా చన్నీళ్లు కుమ్మరించింది. పాత లుంగీ గుడ్డతో మరకలు తుడిచింది. వంగి ఒకసారి, కూర్చుని ఒకసారి చూసింది. ఎక్కడ తగిలిందో ఆమెకే గుర్తు దొరకలేదు.

"పుంగనూరు దాటినారంట" అంది తులసమ్మ, ఆమె వైపు చూడకుండా.

'సొట్ట తీసేసినా. ఇంగైనా నాతో మాట్లాడు.' ఆ మాటే సుమలత లోలోపల పదిసార్లు అనుకుంది.

నాలుగింటికి వీధి మలుపులో బండి చప్పుడైంది. చేతిలో లుంగీ గుడ్డతో ఆమె కారు పక్కనే నిలబడింది.

అంబులెన్సు వెనక తలుపు తీసుకుని దిగిన మునిరాజ, అన్నను ఏ దిక్కుకు తల పెట్టి పడుకోబెట్టాలని తులసమ్మను అడిగాడు.