ముఖం లేని భర్త

"అందరి ముఖాలూ వేశావు. నా మొగుడి ముఖం దగ్గరికొచ్చేసరికి చెయ్యి పడిపోయిందా?" దియానోరా చర్చిలోనే అరిచేసింది.

సముద్రంలో మునిగిపోయిన భర్త ఆత్మశాంతి కోసం లూకా పట్టణపు చర్చికి ఆమె ఒక చిత్రం వేయిస్తోంది. పశువుల తొట్టిలో బాలయేసు, పక్కన మరియమాత, ఎదురుగా మోకరిల్లిన భర్త. నీలం రంగు కొనడానికి జెనోవా రేవుకు వెళ్లొచ్చిన దగ్గర్నుంచి చిత్రకారుడు బెట్టో మళ్లీ కుంచె ముట్టలేదు.

"నన్నొదిలెయ్యండి అమ్మగారూ. ఇంకెవరిచేతైనా వేయించుకోండి."

"ఎందరు వద్దన్నా నిన్నే నమ్మాను కదయ్యా! చచ్చినవాడికి ద్రోహం చేస్తావా?"

బెట్టో తలెత్తాడు. "చచ్చినవాడైతే వేసేవాణ్ణే తల్లీ. ఆయన్ని జెనోవా రేవులో చూశాను. భుజం మీద బిడ్డ, పక్కన ఎవరో ఆవిడ. నన్ను గుర్తుపట్టి ముఖం తిప్పేసుకున్నారు."

దియానోరా పీట పట్టుకుని కూలబడింది.

"విధవనంటే ఊరు జాలిపడుతుంది. మొగుడొదిలేసినదాన్నంటే నవ్వుతుంది."

అంతలో పూజకు జనం లోపలికి వచ్చారు. ముందున్న ఫాదరు చిత్రం వైపు చూసి, "ఏం తల్లీ, ఇంకా పూర్తి కాలేదా?" అన్నాడు.

ఆమె లేచి కళ్లు తుడుచుకుంది. "ఎలా అవుతుంది ఫాదర్? ఈ తాగుబోతు పని ఎగ్గొట్టి తిరుగుతున్నాడు," అంది అందరికీ వినపడేలా.

జన్మలో సారా ముట్టని బెట్టో ఆమె వంక చూశాడు.

"అవునండీ, నాదే తప్పు," అని కుంచెలు మూట కట్టుకున్నాడు.