అవుట్‌బాక్సులో ఒకటి

పంపే బటన్ నొక్కడం అది ఏడోసారి. మెయిల్ అవుట్‌బాక్సు దాటలేదు.

ఫోన్ మోగింది. బావ.

"ఇంకా రాలేదు. పదకొండింటికి మీ అక్కని థియేటర్లోకి తీసుకెళ్తారట."

"పంపుతున్నా బావా."

"గంట నుంచీ పంపుతూనే ఉన్నావు."

అక్కకి పిత్తాశయం ఆపరేషన్. పొద్దున తీసిన ఈసీజీలో తేడా కనిపించింది. ఆ తేడా పాతదైతే ఫర్వాలేదు, కొత్తదైతే కత్తి పెట్టకూడదు అన్నాడు డాక్టరు. పాత ఈసీజీ ఈ చెల్లెలి కంప్యూటర్లో ఉంది. గీతల్ని ఫోన్లో చదివి చెప్పడానికి లేదు.

చెల్లెలు బడిలో హెడ్మిస్ట్రెస్. అందరూ పెద్దటీచరంటారు. మాట అనడమే గాని పడడం అలవాటు లేని మనిషి.

పాత కంపెనీ లైను వదిలేసి నిన్ననే కొత్త బ్రాడ్‌బ్యాండ్ పెట్టించింది. లైన్‌మన్ మోడెం పెట్టెకి దీపాలు వెలిగించి, సంతకం తీసుకుని వెళ్ళిపోయాడు. అతనిచ్చిన పుస్తకంలో, ఆఖరి పేజీలో హెల్ప్‌లైన్ నంబరుంది.

చేసింది.

"హలో," అన్నాడొక పెద్దాయన.

"నిన్న మీ కనెక్షన్ తీసుకున్నాం. అప్పట్నుంచి మెయిల్ పోవట్లేదు."

కాగితాలు తిప్పుతున్న చప్పుడు.

"వస్తున్నాయా అమ్మా?"

"రావడం వస్తున్నాయి. పోవడమే లేదు."

"అయితే లైను మంచిదే. ఎక్కడిదాకా వెళ్ళి ఆగింది?"

"ఎక్కడికీ వెళ్ళలేదు. ఇక్కడే చచ్చింది."

"తెర మీద ఏం రాశాడో చదవండి. మెల్లగా. ఒక్కో అక్షరం."

చదివింది. ఆయన మళ్ళీ చదవమన్నాడు.

"మీకీ ఉద్యోగం ఎవరిచ్చారండీ?"

"అదీ అడగాల్సిన మాటే. ముందు మీ పని కానివ్వండి."

మళ్ళీ కాగితాలు.

"సెట్టింగుల్లోకి వెళ్ళండి. సర్వర్లు రెండుంటాయి. తెచ్చేదొకటి, పంపేదొకటి. పంపేదాంట్లో ఎవరి పేరుంది?"

"పాత కంపెనీది."

"అదీ సంగతి. వాళ్ళ లైను వదిలేశాక మీ ఉత్తరం వాళ్ళెందుకు మోస్తారు? అత్తారింట్లో అలిగి బయటికొచ్చి, బండి మాత్రం వాళ్ళదే పంపమంటే పంపుతారా?"

"కబుర్లు తర్వాత. ఏం చెయ్యాలి?"

"ఆ పేరు చెరిపెయ్యండి. కొత్తవాళ్ళ పేరు మీ పుస్తకంలో ఉంటుంది, చూసి కొట్టండి. మధ్యలో చుక్కలు మర్చిపోకండి."

ఒక చుక్క మర్చిపోయింది. మళ్ళీ కొట్టింది. పదీ నలభైకి అవుట్‌బాక్సు ఖాళీ అయింది.

"వెళ్ళిందా?"

"వెళ్ళింది."

"ఏ పేరు తీసి ఏ పేరు పెట్టారో ఒక్కసారి..."

ఆమె ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం కంపెనీ నుంచి ఒక ఫారం వచ్చింది. మా సేవ ఎలా ఉంది?

'మీ హెల్ప్‌లైన్లో కూర్చున్న ఆయనకి ఏమీ తెలియదు. అన్నీ నా చేతే చదివించాడు. మార్చండి,' అని రాసి, తను చేసిన నంబరు కూడా వేసింది.

వారానికి జవాబొచ్చింది. ఆ నంబరు వాళ్ళది కాదు. పుస్తకం అచ్చులో ఒక అంకె తప్పు పడింది. ఏడాదిగా ఎవరూ చెప్పలేదు. సరైన నంబరు అందరికీ పంపేశారు. ధన్యవాదాలు.

తప్పు పట్టుకున్నందుకు ఆమెకి తృప్తిగా అనిపించింది.

కానీ ఆ తర్వాత మెయిల్ పంపినప్పుడల్లా 'వెళ్ళిందా?' అని చెవి దగ్గర వినపడేది. తిరిగి చూసేది. కుర్చీ, గోడ, పెట్టె మీద దీపాలు.

రెండు నెలలకి అక్క వచ్చింది.

"నీ కాగితం చూశాకే తేడా కొత్తదని తేలి ఆపరేషన్ ఆపారే. ముందు గుండెకి వైద్యం చేశారు. ఇంకో పావుగంటైతే బల్ల మీదే పోయేదాన్ని. ఆ రోజు పోని మెయిల్ ఎలా పోయింది?"

చెప్పింది.

"మరి ఆయనకో మంచిమాట చెప్పావా?"

పెద్దటీచరు లేచి పుస్తకం తెచ్చింది. ఆఖరి పేజీలో నంబరు చూసి చేసింది.

ఒకావిడ తీసింది. "కంపెనీ కాదమ్మా, ఇది ఇల్లు."

"తెలుసండీ. పెద్దాయనతో మాట్లాడాలి."

"లేరమ్మా. పోయి ఇరవై రోజులైంది."

ఆమె రిసీవర్ని రెండో చేతిలోకి మార్చుకుంది.

"మీ మెయిల్ కూడా బాగుచేశారా?" అంది ఆవిడ. "మొదట్లో రాంగ్ నంబరని పెట్టేసేవారు. ఒకరోజు ఎవరో తల్లి ఏడ్చింది. తప్పిపోయిన కొడుకు జాడ తెలిసిందట, మెయిల్ పోవట్లేదట. అప్పట్నుంచి, ఎవరికి ఏం చేస్తే బాగైందో వాళ్ళనే అడిగి నోటుబుక్కులో రాసుకునేవారు. అదే తర్వాతి వాళ్ళకి చెప్పేవారు. కంచం ముందు నుంచి కూడా లేచి వెళ్ళేవారు."

"తర్వాత?"

"ఉన్నట్టుండి మోగడం మానేసింది. లైను పోయిందేమోనని రోజూ రిసీవరెత్తి చూసుకునేవారు. ఎవరికో తప్పు చెప్పుంటాను, అందుకే చెయ్యట్లేదు అనేవారు. పోయేముందు కూడా అదే మాట."

పెద్దటీచరుకి తను రాసిన ఫారం గుర్తొచ్చింది. దాని ఊసెత్తకుండా అడిగింది.

"కంప్యూటర్ పని ఆయనెక్కడ నేర్చుకున్నారు?"

"మా ఇంట్లో కంప్యూటర్ ఎక్కడిదమ్మా? ఆయన కుట్టుమిషన్లు బాగుచేసేవారు. మీరంతా ఫోన్లో చెప్పినదాన్ని బట్టి, అది ఎలా ఉంటుందో నోటుబుక్కులో బొమ్మ గీసుకున్నారు, అంతే."